"బాగుంది" అన్నారంటే బాగున్నట్టేనా? ఉద్దానం కుళాయి దగ్గర నేర్చుకోవాల్సిన పాఠం

ఒక వస్తువునో సేవనో తయారుచేసేవాళ్లు, వాడేవాళ్ల దగ్గరికి వెళ్లి అభిప్రాయం అడుగుతారు కదా. "బాగుందండి" అన్న జవాబు వస్తుంది. రాసుకుని సంతోషంగా వచ్చేస్తారు. ఆ ఒక్క మాటతో ఎంత మోసపోతామో ఈ రోజు చూద్దాం.

ఉదాహరణకి మా శ్రీకాకుళం జిల్లానే తీసుకుందాం. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఈ మండలాల్లోని ఉద్దానం ఊళ్లను కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా పీడిస్తోంది. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. తాగేనీళ్ల మీద మాత్రం జనానికి ఎప్పటినుంచో అనుమానం. హిరమండలం రిజర్వాయర్ నుంచి నీళ్లు శుద్ధిచేసి తెచ్చే 700 కోట్ల రూపాయల పథకాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రిని 2023 డిసెంబర్ 14న ప్రారంభించారు.

ఇప్పుడు మీరు అక్కడి ఒక ఊరికి వెళ్లారనుకోండి. "అమ్మా, కుళాయి నీళ్లు బాగున్నాయా?" అని అడిగారు. "బాగున్నాయి బాబూ" అంది ఆవిడ. అబద్ధం కాదండి, అది మర్యాద. ఇంటికొచ్చినవాళ్లని నొప్పించకూడదని ఒకటి, బాగాలేదంటే ఉన్నదీ ఆపేస్తారేమోనని ఇంకొకటి. కానీ పెరట్లోకి వెళ్లి చూస్తే తాగే బిందెలో నూతి నీళ్లు ఉండొచ్చు! కుళాయి వచ్చినా నోట్లోకి వెళ్లేది పాత నీళ్లే అయితే ఇంత ఖర్చుకి ఫలితం ఏముంది?

అందుకే అభిప్రాయం అడగొద్దు. జరిగింది అడగండి. "నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి తాగిన నీళ్లు ఎక్కడివి? ఎవరు తెచ్చారు? పనికెళ్లినప్పుడు ఏం తాగారు?" ఇలా అడిగితే మనిషి గుర్తు చేసుకుని చెబుతుంది. ఇంట్లో కుళాయి నీళ్లే తాగుతున్నా, జీడితోటలో పనికెళ్లిన రోజు అక్కడి బోరు నీళ్లే గతి కావచ్చు. "బాగున్నాయా" అని అడిగితే ఈ సంగతి ఎప్పటికీ బయటికి రాదు.

రెండోది, చూపించమనండి. "ఆ బిందె ఎక్కడ పెడతారమ్మా? పప్పు ఏ నీళ్లతో ఉడకబెడతారు?" ఉప్పునీళ్లలో పప్పు సరిగ్గా ఉడకదు కాబట్టి వంటకి ఒక నీళ్లు, తాగడానికి ఇంకో నీళ్లు వాడే ఇళ్లు ఉంటాయి. వంటింటి గడప దగ్గర నిలబడితే తెలిసేది అరుగుమీద కూర్చుంటే తెలియదు. అరుగుమీద మాట్లాడేది మగవాళ్లు, నీళ్లు మోసేది కోడలు. ఎవరిని అడగాలో మీకే అర్థమవుతుంది.

మూడోది, వాళ్ల మాట వాళ్ల మాటగానే రాయండి. "సప్పగుంటాయి బాబూ, దాహం తీరదు" అంటే మీరు "రుచి సమస్య" అని రాసుకోకండి. దాహం తీరదు అన్న మాటలోనే పాత నూతికి ఎందుకు వెళ్తోందో ఉంది. జవాబు వచ్చాక వెంటనే రెండో ప్రశ్న వేయకుండా కాసేపు ఆగండి. అసలు విషయం చాలాసార్లు ఆ తర్వాతే వస్తుంది.

నాలుగోది, వాళ్ల పరిస్థితి చూసుకుని అడగండి. జీడిపప్పు పొట్టు తీసే ఆడవాళ్లకి కూలి కిలోల లెక్కన వస్తుంది. మీ అరగంట ప్రశ్నలు ఆవిడ కూలిలోంచే పోతాయి. డయాలసిస్ చేయించుకునే మనిషి ఉన్న ఇంట్లో "రోజుకి ఎన్ని నీళ్లు తాగుతారు?" అన్నది మామూలు ప్రశ్న కాదు. డాక్టర్లు నీళ్లు కొలిచి తాగమంటారు. ఆ గ్లాసు ఎంతో వాళ్లకి తెలుసు. జబ్బుతో మొదలుపెట్టకండి, వాళ్లంతట వాళ్లు చెబితే వినండి.

మరి ఎంతమందిని అడగాలి? ఇలా లోతుగా అయితే పది ఇళ్లతో మొదలుపెట్టినా బోలెడు తెలుస్తుంది. కాకపోతే పది ఇళ్ల మాటల్ని శాతాలుగా మార్చొద్దు. ఎందుకు వాడట్లేదో ఈ పద్ధతి చెబుతుంది, ఎంతమంది వాడట్లేదో చెప్పదు. దానికి సర్వే వేరే చేయాలి.

చివరిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. తిరిగి వెళ్లండి. ఉద్దానం జనం రక్తం ఇచ్చారు, మూత్రం ఇచ్చారు, నీళ్ల నమూనాలు ఇచ్చారు, ఎన్నో ప్రశ్నలకి జవాబులూ ఇచ్చారు. "మీరు చెప్పినదాంట్లో ఇది మార్చాం, ఇది మా వల్ల కాలేదు" అని ఎవరో ఒకరు వచ్చి చెప్పాలి కదా! అది చెప్పకపోతే తర్వాత వచ్చినవాళ్లకి మళ్లీ ఆ మాటే దొరుకుతుంది. "బాగుంది బాబూ."

ఈ వారం మీరు చేసిన పనిని వాడుతున్న ఒక్క మనిషి దగ్గరికి వెళ్లండి. "బాగుందా" అనొద్దు, "నిన్న ఎలా వాడారు, చూపిస్తారా?" అని అడిగి చూడండి. తేడా మీకే తెలుస్తుంది. మళ్లీ కలుద్దాం, ఉంటానండి.