తుపాకీ పట్టినవారికి పౌరసత్వం

పరదేశీయులను సైన్యంలో చేర్చుకొని, ఆ సేవకు ప్రతిఫలంగా నివాసహక్కునో పౌరసత్వాన్నో ఇవ్వడం రాజ్యాలకు కొత్తేమీ కాదు. ఫ్రాన్సులో ‘విదేశీ లీజియన్’ అనే దళంలో ఐదేళ్ల ఒప్పందం మీద చేరిన పరదేశి మూడేళ్లు పనిచేశాక పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. పోరులో గాయపడినవాడు ఆ గడువు తీరేదాకా ఆగనక్కరలేదు. ఇటువంటి ఇచ్చిపుచ్చుకోళ్లలో ప్రతిఫలం ఎంతటిదన్న దానికంటే, ఆ హామీ ఏ పత్రంలో, ఎవరికి తెలిసిన భాషలో, ఎవరిని కట్టిపడేసేలా రాసి ఉన్నదన్నదే ముఖ్యం. తెలుగువారు దీనిని తమకు పట్టని వ్యవహారంగా తోసిపుచ్చలేరని 2024 నాటి రష్యా ఉదంతం తేల్చింది.

ఉక్రెయిన్‌పై యుద్ధం మొదలై రెండేళ్లు కావస్తుండగా, 2024 జనవరి 4న రష్యా అధ్యక్షుడు పుతిన్ ఒక ఉత్తర్వు జారీ చేశారు. సైన్యంతో కనీసం ఏడాది ఒప్పందం చేసుకున్న విదేశీయుడికీ, అతని భార్యాబిడ్డలకూ, తల్లిదండ్రులకూ సులభమార్గంలో రష్యా పౌరసత్వం లభిస్తుందన్నది దాని సారాంశం. అయితే అంతకు ముందే, 2022 సెప్టెంబరు 21న వెలువడిన సమీకరణ ఉత్తర్వు, అంటే పౌరులను సైన్యంలోకి పిలిచే ఆజ్ఞ, వయసు, అనారోగ్యం, జైలుశిక్ష వంటి కొద్ది కారణాలు తప్పిస్తే, ఆ సమీకరణ కాలం ముగిసేదాకా సైనిక ఒప్పందాలు అమలులోనే ఉంటాయని ప్రకటించింది. అందువల్ల ఒప్పందంలో కనిపించే ఏడాది గడువుకు ఆచరణలో విలువ లేకపోయింది. రష్యన్ భాషలో ఉన్న ఆ కాగితాన్ని చదవలేని యువకుడికి ఈ మెలిక తెలిసే దారే లేదు.

యువకులను రష్యా సైన్యంలోకి లాగిన ఈ వలకు ఒక కొస మన దేశంలోనే ఉంది. యూట్యూబ్ వీడియోలు చూపి, సైన్యంలో సహాయకుల ఉద్యోగాలనీ, సెక్యూరిటీ గార్డుల కొలువులనీ, చివరికి ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ప్రవేశాలనీ నమ్మించి ఏజెంట్లు యువకులను పంపించారు; అక్కడ దిగాక పాస్‌పోర్టులు లాక్కొని, యుద్ధశిక్షణ ఇప్పించి, ఇష్టం లేకున్నా ముందువరుసకు తరలించారన్నది సీబీఐ అభియోగం. హైదరాబాదు ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ 2024 జనవరిలోనే విదేశాంగ మంత్రికి లేఖ రాశారు. మార్చి 6న హైదరాబాదు యువకుడొకరు మరణించినట్లు మాస్కోలోని భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించగా, అదే రోజు సీబీఐ మానవ అక్రమ రవాణా కేసు నమోదు చేసి, మర్నాడు ఢిల్లీ, తిరువనంతపురం, చెన్నై సహా పలు నగరాల్లో 13 చోట్ల సోదాలు జరిపింది. జులైలో ప్రధాని మోదీ మాస్కోలో ఈ విషయం ప్రస్తావించాక విడుదలలు ఊపందుకొని, సెప్టెంబరులో నారాయణపేట యువకుడొకరు ఇల్లు చేరాడు. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం, రష్యా సైన్యంలో చేరిన 126 మంది భారతీయుల్లో 96 మంది తిరిగి వచ్చారు, 12 మంది మరణించారు, 16 మంది ఆచూకీ తెలియలేదు.

చట్టంలో ఉన్న ఒక సందు కూడా ఇందుకు తోడ్పడిందనక తప్పదు. పదో తరగతి ప్యాసు కానివారు ఉద్యోగానికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవలసిన దేశాల జాబితాలో గల్ఫ్ దేశాలున్నాయి గానీ రష్యా లేదు. పర్యాటక వీసా మీద విమానం ఎక్కేవాడికి ఆ అనుమతి అవసరమే రాదు. ఇక 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ కింద, స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం పుచ్చుకున్న భారతీయుడు ఇక్కడి పౌరసత్వాన్ని కోల్పోతాడు.

ఏజెంట్ల ప్రమేయం లేకుండా, ప్రభుత్వమే నేరుగా ఇచ్చిన హామీ కూడా మధ్యలో కుంటుపడవచ్చని అమెరికా అనుభవం చెబుతున్నది. 2008 నవంబరులో అనుమతి పొందిన ‘మావ్నీ’ పథకం వైద్యనిపుణులతోపాటు హిందీ, ఉర్దూ, తమిళం, మలయాళం వంటి భాషలు తెలిసినవారిని, విద్యార్థి వీసా మీదా హెచ్-1బీ మీదా ఉన్నవారినైనా, గ్రీన్‌కార్డు ఊసు లేకుండా సైన్యం ద్వారా పౌరసత్వానికి చేర్చింది. పది వేలమందికి పైగా చేరాక, 2016లో నేపథ్య తనిఖీలు బిగించి కొత్త చేరికలు నిలిపివేయడంతో, సంతకం చేసి శిక్షణకు పిలుపు కోసం ఎదురుచూస్తున్నవారి వీసాలు గడువు తీరిపోయి, వివాదం వాషింగ్టన్ కోర్టులకెక్కింది.

భారత సైన్యంలోనూ పరదేశీయులున్నారు. 1947 నవంబరు నాటి త్రైపాక్షిక ఒప్పందం కింద నేపాలీ గూర్ఖాలు చేరుతూ వచ్చారు. అగ్నిపథ్ సైనిక నియామక పథకం వచ్చిన 2022 నుంచి ఆ చేరికలకు నేపాల్ ఒప్పుకోవడం లేదు. షాజహాన్ రోడ్డులోని యూపీఎస్సీ వెలువరించే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) ప్రవేశ ప్రకటనల ప్రకారం నేపాల్ ప్రజలతోపాటు, శాశ్వతంగా ఇక్కడ స్థిరపడే ఉద్దేశంతో బర్మా, శ్రీలంక, తూర్పు ఆఫ్రికా వంటిచోట్ల నుంచి వచ్చిన భారత సంతతివారు కూడా అర్హులే. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఏర్పరచుకున్న కుటుంబాల వంటివారికి ఈ నిబంధన వర్తించేదే. ఇక్కడ వరుస తలకిందులైంది: స్థిరపడే సంకల్పం ముందు షరతు, అది సేవకు దక్కే బహుమానం కాదు.

టిబెటన్ల విషయం ఇంకా చిక్కుగా ఉంటుంది. 1962లో చైనాతో యుద్ధం నడుస్తుండగా వారితో ఏర్పరచిన స్పెషల్ ఫ్రాంటియర్ ఫోర్స్ 1971లో చిట్టగాంగ్ కొండల్లో పోరాడి 56 మందిని పోగొట్టుకున్నా, ఆ దళం ఉనికే రహస్యం కావడంతో వారికి బహిరంగ గౌరవాలు దక్కలేదు. 2020 ఆగస్టులో పాంగాంగ్ సరస్సు దగ్గర మందుపాతర పేలి మరణించిన ఆ దళ సైనికుడు నైమా తెంజిన్ శవపేటికపై భారత, టిబెట్ జెండాలు రెండూ కప్పారు; లేహ్‌లో జరిగిన ఆ అంత్యక్రియలకు అమలాపురానికి చెందిన బీజేపీ నాయకుడు రామ్ మాధవ్ హాజరయ్యారు. ఢిల్లీలోని మజ్నూ కా టీలా వంటి కాలనీల్లో ఉంటున్న టిబెటన్లకు పౌరసత్వం మీద దొరికిన గట్టి ఆధారం మాత్రం 2010 డిసెంబరు 22న ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు. 1950 జనవరి 26కూ 1987 జులై 1కీ నడుమ ఈ గడ్డ మీద పుట్టిన టిబెటన్లు పుట్టుకతోనే భారత పౌరులని ఆ తీర్పు చెప్పింది. సైన్యంలో చేసిన సేవ ఆ హక్కుకు ప్రాతిపదిక కాదు.