పిల్లి బతుకు పిల్లిదే అనుకోవద్దు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పిల్లి తిరగని వీధి ఉండదు. ధాన్యం కొట్టు దగ్గర ఒకటి, చేపల గంప చుట్టూ ఇంకొకటి. పట్నాల్లో కొందరు పర్షియన్ పిల్లుల్ని కొని పెంచుతున్నారు. ఎక్కడైనా ఒక నమ్మకం మాత్రం గట్టిగా పాతుకుపోయింది: పిల్లి తన బతుకు తానే చూసుకుంటుంది, మనం చెయ్యాల్సిందేమీ లేదు. పిల్లికీ, దాన్ని పెంచే ఇంటికీ జరిగే కీడు చాలావరకు ఇక్కడే మొదలవుతుంది.

అపోహ: రేబిస్ కుక్క వల్లే వస్తాది. పిల్లి గీరితే ఏటవుద్ది?

వాస్తవం: ప్రాణం పోవచ్చు. మన దేశంలో రేబిస్ ఎక్కువగా కుక్కకాటు వల్లే సోకుతుందన్నది నిజమే. కానీ రేబిస్ ఉన్న కుక్క కరిస్తే పిల్లికీ ఆ జబ్బు వస్తుంది. ఆ పిల్లి కరిచినా, గీరినా మనిషికి సోకవచ్చు. లక్షణాలు బయటపడ్డాక బతికి బట్టకట్టడం దాదాపు అసాధ్యం. అందుకే పసుపు, సున్నం, పసర్లు రాసి కాలం పోగొట్టుకోవద్దు. గాయాన్ని పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ప్రభుత్వాసుపత్రుల్లో టీకా ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజున, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. రక్తం కారిన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా అవసరం. గాయం మానింది కదా అని రెండు సూదులతో ఆపేసేవాళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది. నాలుగూ పూర్తి చెయ్యాల్సిందే.

పిల్లికి మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి, తర్వాత ఏటా వేయించాలి. పశువుల ఆసుపత్రి అంటే ఆవులకీ మేకలకీ మాత్రమేనని చాలామంది అటువైపే వెళ్ళరు. పిల్లికీ అక్కడే వైద్యం. ఏటా జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు, పెంపుడు జంతువులకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. విజయనగరం జిల్లా గరివిడిలోనైతే పశువైద్య కళాశాలే ఉంది.

అపోహ: గిన్నెడు పాలు, పిడికెడు అన్నం చాలు.

ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. విరేచనాలు పట్టుకుంటాయి. ఇక పాలన్నం, పెరుగన్నంతోనే పెంచితే నష్టం కొన్నాళ్ళకు గానీ తెలియదు. పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. మాంసంలో, చేపల్లో ఉండే టారిన్ అనే పదార్థం దానికి తప్పనిసరి. అది అందకపోతే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. గుండెజబ్బుకు ఈ లోపమే కారణమని 1987లో కాలిఫోర్నియా పరిశోధకులు నిరూపించారు. తీరం పొడవునా చేపలు దొరికే మనకు ఇదేమంత కష్టం కాదు. ముళ్ళు తీసి, ఉప్పూకారం లేకుండా ఉడికించిన చేప, కోడిమాంసం, గుడ్డు పెట్టవచ్చు. ఎండుచేపలు మాత్రం వద్దు, వాటిలో ఉప్పు మరీ ఎక్కువ.

నీరసంగా పడుకున్న పిల్లికి ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ముక్క విరిచి వేస్తారు కొందరు. దయతో చేసే పనే గానీ, అది విషం పెట్టడమే. ఆ మందును విచ్ఛిన్నం చేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. రక్తం ప్రాణవాయువును మోయలేక చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం వాస్తుంది, ఊపిరి అందదు. ఒక్క మాత్రతోనే పిల్లి చనిపోవచ్చు. కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ మందులూ అంతే ప్రమాదం.

కూతురు పురిటికి వస్తోందంటే ముందుగా బయటికి పోయేది పిల్లి. టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించి గర్భిణి జాగ్రత్తపడాల్సిందే. అయితే పిల్లి మలంలో బయటికి వచ్చాక ఆ క్రిమి సోకే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ఆమె కాకుండా ఇంకొకరు రోజూ ఆ మలాన్ని శుభ్రం చేస్తే సరిపోతుంది, పిల్లిని గెంటెయ్యక్కర్లేదు. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయల వల్లా అది సోకుతుంది, వాటి సంగతీ చూసుకోవాలి.

అపోహ: ఆడపిల్లి ఒక్క ఈతైనా ఈనాలి, లేకపోతే దానికి మంచిది కాదు.

అలాంటి అవసరమేమీ లేదు. నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టగలదు, రెండు నెలలకే ఈనుతుంది. ఏడాదిలో ఇంటినిండా పిల్లలే. అప్పుడు గోనెసంచి వెతుకుతారు. పిల్లిని చంపితే మహాపాపమని నమ్మే మనం, సంచిలో కట్టి ఊరవతల వదిలేస్తే మాత్రం పాపం అంటలేదనుకుంటాం. ఇంట్లో తిని పెరిగిన కూనలు కుక్కల నోటికీ ఆకలికీ బలవుతాయి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం అలా వదిలేయడం నేరం కూడా. వైద్యుణ్ణి అడిగి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. ఈపాటికే పుట్టేసి ఉంటే, కనీసం ఎనిమిది వారాలు తల్లి దగ్గరే ఉంచి, పెంచుకుంటామని ముందుకొచ్చిన ఇళ్ళకు ఇవ్వండి.