సెలవు దినములలో దంతవైద్యము

సతీదేవి దంతము పడిన చోట దంతేవాడలోని దంతేశ్వరీ ఆలయము వెలసినదని ప్రతీతి. ఆ జిల్లాలోనే కిరందూలు, బచేలి ఇనుపగనులలో పనిచేయు తెలుగు కుటుంబములకు, 1960 దశకములో ఖనిజము కొరకు వేసిన విశాఖపట్టణపు రైలుమార్గము అందుబాటులో నున్నది. సంక్రాంతికి స్వస్థలము పోయినపుడు పళ్లు కూడ బాగుచేయించుకొని రావలెనను ఆలోచన మంచిదే. బంధువుల యింట బస దొరకును. దంతవైద్య కళాశాలల ఆసుపత్రులలో రుసుము స్వల్పము; కాలము మాత్రము ఎక్కువ పట్టును.

అయితే చేతనున్న సెలవెంతయో ముందుగా లెక్కింపవలెను. గార తీయించుట, చిన్న పుచ్చు పూడ్పించుట సాధారణముగ ఒక పూట పని. పన్ను తీయింపదలచినవారు సెలవు మొదటనే ఆ పని చేయించుకొనవలెను. తిరుగు రైలులో అర్ధరాత్రివేళ నెత్తురు కారినచో చూచువారుండరు. పంటివేరు చికిత్సకు పలుమార్లు పోవలసి రావచ్చును. తాత్కాలికముగ పూడ్చిన దవడపంటితో, తొడుగు వేయించుకొనక వచ్చినచో అది చిట్లవచ్చును. మరల రైలు ఖర్చు, కడకు పన్నే పోవుట! ఇట్టి చౌక చౌక కాదు. దవడ యెముకలో మర బిగించి అమర్చు పంటికైతే, యెముక పట్టుకొనుటకే సాధారణముగ 3 మొదలు 6 మాసములు కావలెను.

కావున బయలుదేరకముందే జగదల్‌పూరులోని మహారాణి ఆసుపత్రిలోనో, సమీప ప్రభుత్వ వైద్యశాలలోనో చూపించుకొని, ఎన్ని దినముల పని యున్నదో తెలిసికొనుడు. వచ్చునపుడు ఎక్సురే పటమును, చేసిన చికిత్స వివరమును వెంట తెచ్చుకొనుడు.

ముఖము వాచి జ్వరము వచ్చినను, నోరు తెరచుట కష్టమైనను పండుగవరకు ఆగరాదు. పొగాకుతో చేసిన గుడాఖును పళ్లకు రుద్దుకొనువారి నోటిలో పుండు గాని తెల్లమచ్చ గాని 2 వారములలో మానకున్నచో, నొప్పి లేకపోయినను వెంటనే వైద్యునికి చూపవలెను.