టేకు ఒక్కటి కాదు

వాడపల్లి వద్ద గౌతమి గోదావరిని వరద రోజుల్లో చూసినవారికి ఆ ఎర్రనీటిలోని ఒండ్రును గూర్చి వేరే చెప్పనక్కరలేదు. ఆ ఒండ్రు సముద్రంలో చేరి కోనసీమ తీరాన్ని మెత్తని బురదనేలగా మార్చింది. పగడపు దిబ్బలు పెరగడానికి తేటనీరు, నిలకడైన ఉప్పదనం అవసరం. అందుచేత పగడపు దిబ్బలను ఆశ్రయించి బ్రతికే నీలిచుక్కల టేకు, అనగా టీనియూరా లిమ్మా, మన తీరపు చేప కాదు. మన దేశంలో దానిని చూడాలంటే లక్షద్వీపాలకో, అండమాన్ దీవులకో, మన్నారు సింధుశాఖకో వెళ్ళాలి. అయినా దాని జీవనక్రమం తెలుసుకుంటే మన రేవులలో దిగే టేకులను మరింత జాగ్రత్తగా చూడగలము.

ఫోర్‌స్కాల్ వర్ణన ఆధారంగా 1775లో ఈ జాతి శాస్త్రలోకానికి పరిచయమైంది. పళ్ళెం వంటి శరీరం వెడల్పు సుమారు 35 సెంటీమీటర్లకు మించదు. వీపుపై మెరిసే నీలిచుక్కలు, తోక పొడవునా నీలి చారలు ఉంటాయి. పోటు తగ్గినప్పుడు పగడపు చట్టుల క్రింద దాగి, పోటు వచ్చినప్పుడు ఇసుక మేటలపైకి మేతకు వస్తుంది. పీతలు, రొయ్యలు, నత్తజాతి జీవులు, పురుగులు దీని ఆహారం. నోరు అడుగు భాగాన ఉన్నందున మేతను కంటితో చూసి పట్టలేదు. జీవుల శరీరం నుండి వెలువడే స్వల్ప విద్యుత్తును చర్మంలోని సూక్ష్మరంధ్రాల ద్వారా పసిగడుతుంది.

అసలు గమనించవలసినది సంతానోత్పత్తి. చెరువులో పెంచే శీలావతి కిలో శరీర బరువుకు లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. ఈ టేకు గుడ్లు పెట్టదు. పిండాలు తల్లి గర్భంలోనే, మొదట పచ్చసొనతోను, తరువాత గర్భాశయం స్రవించే పాలవంటి ద్రవంతోను పెరుగుతాయి. ఒక కాన్పుకు పుట్టే పిల్లలు గరిష్ఠంగా ఏడు. టేకుజాతులన్నింటిలోను సంతానసంఖ్య ఇంచుమించు ఇదే విధంగా స్వల్పం. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అమలయ్యే 61 రోజుల వేట విరామం మేలైనదే. కాని లక్షల గుడ్లు పెట్టే చేప తేరుకున్నంత త్వరగా టేకు తేరుకోలేదు.

వాడుకలో మనము అన్నింటినీ 'టేకు' అనే అంటాము. లెక్కల పద్దులోను అలాగే వ్రాస్తే ఒక జాతి తరిగిపోతున్నా మరొక జాతి రాబడి దానిని కప్పివేస్తుంది. మొత్తం బరువు మాత్రం నిలకడగా కనిపిస్తుంది. పూర్వపు జాలరులు ఇంత ఉదాసీనంగా లేరు. విశాఖపట్నంలో సేకరించిన చేపలపై పాట్రిక్ రసెల్ 1803లో ప్రచురించిన గ్రంథంలో టేకులకు వేర్వేరు తెలుగు పేర్లు ఉన్నాయి. వాటిలో 'ఎరెగూడు టెంకి' ఒకటి. మొబ్యూలా ఎరెగూడూ అనే నేటి శాస్త్రీయ నామం దాని నుండి వచ్చినదే. జాలరి పెట్టిన పేరు ప్రపంచమంతటా నిలిచింది. ఆ పేరు మన విద్యార్థులకు తెలియకపోవడమే విచారకరం.

పేరు తెలియకపోతే చట్టం కూడ పనిచేయదు. యూరోజిమ్నస్ ఆస్పెరిమస్ అనే ముళ్ళ టేకు పగడపు దిబ్బల చుట్టుప్రక్కల ఇసుకలో నివసిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద 2001 నుండి దానికి రక్షణ ఉన్నది. దాని తోకకు విషపు ముల్లు ఉండదు. వీపంతా గరుకైన ముళ్ళు ఉంటాయి. ఇంత స్పష్టమైన గుర్తు ఉన్నప్పటికీ, 'టేకు' అన్న ఒక్క మాట క్రింద తూకమైపోతే దానిని ఎవరు గుర్తిస్తారు?

విస్తరణ సిబ్బంది రేవులో చేయవలసినది పెద్ద పనేమీ కాదు. బరువుతోపాటు పళ్ళెం వెడల్పు, ఆడమగ భేదం, గర్భంలో పిల్లలు ఉంటే వాటి సంఖ్య వ్రాసుకోవాలి. మగచేపకు కటిరెక్కల వద్ద రెండు సంయోగాంగాలు పైకే కనిపిస్తాయి. ముల్లు గ్రుచ్చుకున్నవారి గాయాన్ని చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఉంచి, వెంటనే వైద్యుని వద్దకు పంపాలి. ఆ విషంలోని మాంసకృత్తులు వేడికి చెడిపోతాయి. ముల్లుకు భయపడి పడవలోనే తోక నరికివేయడం జాలరులకు అలవాటు. జాతిని గుర్తించడానికి తోక ముఖ్యం గనుక, వీలైనచోట నరకడానికి ముందే వీపువైపు, అడుగువైపు ఒక్కొక్క ఫొటో తీసి ఉంచమని వారిని కోరాలి.