స్టేడియంలో మనకూ చోటు

మన శ్రీకాకుళంలో కోడి రామమూర్తిగారి పేర వెలసిన స్టేడియం మీరెరిగినదే. "ఆడగుంటలకి అక్కడేం పనమ్మా?" అనే మాటా వినే ఉంటారు. ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో బరువులెత్తి ఒలింపిక్ పతకం తెచ్చాక కూడా ఆ మాట పూర్తిగా పోలేదు.

ఇంగ్లండువారూ ఇదే మాట అన్నారంటే నమ్ముతారా? 1920 డిసెంబరులో లివర్‌పూల్‌లో ఆడవాళ్ల ఫుట్‌బాల్ చూడడానికి 53 వేలమంది వచ్చారు. మరుసటి ఏడే, ఈ ఆట స్త్రీలకు తగదంటూ అక్కడి ఫుట్‌బాల్ సంఘంవారు తమ క్లబ్బుల మైదానాలు వారికి మూసేశారు. ఆ నిషేధం సుమారు 50 ఏళ్లు సాగింది!

ఇక లండనులోని వెంబ్లీ స్టేడియం సంగతి. 1923 నాటి పాతదాన్ని పడగొట్టి, 2007లో 90 వేల సీట్లతో కొత్తది తెరిచారు. దానిమీద 133 మీటర్ల ఎత్తున ఉక్కు తోరణం ఉంది. అది సోకుకు కాదు సుమండీ, కప్పు బరువు చాలామటుకు అదే మోస్తుంది. అందుచేత నడుమ స్తంభాలు లేవు. వెనక వరుసవారికీ ఆట కనబడుతుంది. పెళ్లిపందిట్లో రాట అడ్డొచ్చి తాళి కట్టడం చూడలేకపోయినవారికి ఈ సుఖం తెలుస్తుంది. మరుగుదొడ్లు 2,618. నవ్వకండి, పిల్లలతో బయలుదేరే తల్లి ముందు అడిగేది అదే కదా.

2022 జూలై 31న యూరప్ మహిళల ఫైనల్ అక్కడే జరిగింది. ఇంగ్లండు అమ్మాయిలు జర్మనీని 2-1తో ఓడించారు. చూడవచ్చినవారు 87,192 మంది. అప్పటివరకు మగవారి యూరప్ ఫైనల్‌కు సైతం అంతమంది రాలేదు.