చేతికొచ్చిన స్టీరింగ్

1938 జులై 24. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో గ్రాండ్ ప్రీ రేసు. మన్‌ఫ్రెడ్ ఫాన్ బ్రౌకిట్ష్ తన మెర్సిడెస్‌లో ఇంధనం పోయించుకుంటుండగా కారుకు మంటలంటుకున్నాయి. టీం మేనేజర్ ఆల్ఫ్రెడ్ నాయ్‌బావర్ ఆయన్ను బయటికి లాగాడు. మంటలార్పి, మళ్ళీ కూర్చోబెట్టి పంపారు. కాసేపటికే కారు రోడ్డు తప్పింది. బ్రౌకిట్ష్ స్టీరింగ్ చేత పట్టుకుని నడుచుకుంటూ తిరిగొచ్చాడు. అది సరిగా కూర్చోక ఊడి వచ్చిందని చెప్పాడు. రేసు అదే జట్టుకు చెందిన రిచర్డ్ సీమన్ గెలిచాడు.

ఊడే స్టీరింగ్ ఎందుకంటే, రేసు కారులో కూర్చునే చోటు అంత ఇరుకు. అది తీస్తే తప్ప మనిషి దిగలేడు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేసు చూసినవారు ఈ సంగతి గమనించే ఉంటారు. ఫార్ములా వన్‌లోనైతే డ్రైవరు బెల్టులు విప్పి, స్టీరింగ్ తీసి, 7 సెకన్లలో బయటపడాలి.

ఊడే స్టీరింగ్ లోపలి అమరిక గుంటూరు, ప్రకాశం రైతుకు కొత్తేమీ కాదు. నల్లరేగడి చేలో ట్రాక్టరుకు రోటవేటర్ తగిలించేటప్పుడు చాలా రకాల్లో రోటవేటర్ షాఫ్టు కాలర్ వెనక్కి లాగి, ఇంజిను బలాన్ని బయటికిచ్చే ఆరు పళ్ళ పీటీఓ షాఫ్టు మీదికి తోసి వదులుతారు. లోపలి ఉక్కు గుండ్లు గాడిలో పడి టక్కుమంటుంది. రేసు స్టీరింగ్ కూడా చాలావాటిలో ఇంతే. తిప్పే బలమంతా పళ్ళది. గుండ్లు ఊడకుండా ఆపుతాయి, అంతవరకే.

తేడా ఒక్కటుంది, అదే అసలు సంగతి. పీటీఓ ఒకే వైపు తిరుగుతుంది కాబట్టి పళ్ళ మధ్య సందు ఒక పక్కకు నొక్కుకుపోయి తెలియదు. స్టీరింగ్ క్షణానికోసారి కుడికీ ఎడమకీ మారుతుంది, మారినప్పుడల్లా ఆ సందు చేతికి తగులుతుంది. ఇరుసు నడిమి నుంచి 10 మిల్లీమీటర్ల దూరంలోని పళ్ళలో 0.1 మిల్లీమీటరు సందుంటే, 150 మిల్లీమీటర్ల దూరంలోని స్టీరింగ్ చక్రం అంచు దగ్గర అది 1.5 మిల్లీమీటర్లవుతుంది. వేగంగా మలుపు తిప్పేవాడికి అది చిన్నది కాదు.

లూజు కనబడగానే స్టీరింగ్‌నే తప్పుపట్టకూడదు. ఒకరు హబ్ (చక్రం షాఫ్టుకు తగిలే ఆ పళ్ళ జోడు) వెనుక షాఫ్టును కదలకుండా పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం ఊపాలి. అప్పుడూ ఆడితే జబ్బు హబ్‌లోనే. ఆడకపోతే కింది బేరింగులు, యూనివర్సల్ జాయింట్లు చూడాలి. ముందుకీ వెనక్కీ కదిలితే గుండ్లు, స్ప్రింగు అరిగినట్టు. అటూ ఇటూ తిరిగితే పళ్ళు అరిగినట్టు. పళ్ళరిగినదాన్ని స్ప్రింగు మార్చి బాగుచేయలేం. హబ్‌లో చక్రం వైపుదీ షాఫ్టు వైపుదీ రెండు ముక్కలూ కలిపి మార్చాలి, ఎందుకంటే అరిగినదానికి కొత్తది జోడిస్తే కొత్తదీ త్వరగా అరుగుతుంది. ఏటవాలు పళ్ళున్న రకం ఇంకా మేలు. లోపలికి నొక్కుకున్న కొద్దీ సందు మూసుకుంటుంది. గ్రీజు దట్టంగా పూయకండి. దుమ్ము అందులో కలిస్తే ఉక్కును అరగదీసే ముద్ద తయారవుతుంది.

పళ్ళ మధ్య టేపు చుట్టి లూజు దాచేవారూ ఉన్నారు. అది ప్రాణంతో చెలగాటం. టేపు అడ్డుపడితే గుండ్లు గాడిలో పూర్తిగా పడవు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో రేసు కారు కడుతున్న పిల్లలారా, చక్రం తగిలించిన ప్రతిసారీ దాన్ని గట్టిగా మీ వైపు లాగి చూడండి, ఆ తరవాతే బెల్టు పెట్టుకోండి.