ఎడారిలో పెళ్లికి మంచినీళ్ల లెక్క

తెనాలి నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. వాళ్లమ్మాయి కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తోంది. తనతో పనిచేసే అబ్బాయిని ఇష్టపడింది. అబ్బాయిది మన భాష కాకపోయినా రెండు వైపులా పెద్దలు ఒప్పుకున్నారు. తీరా ముహూర్తం మాట వచ్చేసరికి, కల్యాణమండపం వద్దు, వెయ్యి మందికి భోజనాలు వద్దు, జాషువా ట్రీ అనే ఎడారికి పోయి అక్కడ బండరాళ్ల మధ్య మేమిద్దరమే దండలు మార్చుకుంటాం, కావాలంటే మీరిద్దరూ రండి అంటోందట. "డాక్టరుగారూ, మావారికి చక్కెర జబ్బు, నాకు రక్తపోటు. వద్దని చెప్పమంటారా? మమ్మల్ని వెళ్లమంటారా? మా అమ్మ నాకు పెట్టిన పట్టుచీర అమ్మాయికి ఇద్దామనుకున్నాను. అది ఆ ఎడారిలో కట్టుకోవచ్చా?" అని మూడు ప్రశ్నలు వేశారు.

మొదటి ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. ఎవరు ఎక్కడ పెళ్లి చేసుకోవాలో చెప్పమని నాకు ఈ పేజీ ఇవ్వలేదు. కాని ఒక అపోహ తీర్చాలి. దీన్ని అక్కడ 'ఎలోప్‌మెంట్' అంటారు. ఆ మాట వినగానే మనవాళ్లు 'లేచిపోవడం' అనుకొని గుండెలు బాదుకుంటారు. పూర్వం అక్కడా అదే అర్థం. ఇప్పుడు మాత్రం విందూ బలగమూ లేకుండా ఇద్దరే, మహా అయితే నలుగురైదుగురు కలిసి, ఏ కొండమీదో సముద్రపు ఒడ్డునో చేసుకొనే చిన్న పెళ్లికి ఆ పేరు వాడుతున్నారు. కాలిఫోర్నియాలో దానికి లైసెన్సు కావాలి, ఇద్దరూ స్వయంగా కౌంటీ ఆఫీసుకు పోయి తెచ్చుకోవాలి, అది 90 రోజులు చెల్లుతుంది. పార్కులో చేసుకోవాలంటే పార్కువారి అనుమతి విడిగా తీసుకోవాలి. అంచేత ఇది చాటుమాటు వ్యవహారం కాదు. చాటుగా చేయకూడనిది మరొకటుంది, దాని సంగతి తరువాత చెబుతాను.

ఇక ఎండ. ఎండ గురించి మనకొకరు చెప్పాలా అనుకుంటాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పల్నాడులో పనిచేశాను. మే నెలలో మధ్యాహ్నం రెండు దాటితే వరండాలో మంచాలు చాలేవి కావు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లో కలిపి 1,500 మందికి పైగా చనిపోయారు. ఇంత చూసినవాళ్లం కాబట్టి "మాకు ఎండ అలవాటే" అని ధీమాగా అంటాం. ఆ ధీమాయే కొంప ముంచుతుంది. ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, చల్లని గదిలో కొన్ని వారాలు కూర్చుంటే ఆ అలవాటు పోతుంది. తెనాలిలో పుట్టి పెరిగినా, అయిదేళ్లుగా ఏసీ ఆఫీసులో కూర్చున్న అమ్మాయి ఒంటికి ఎండ కొత్తే.

పైగా ఆ ఎండ వేరు. మన కోస్తాది ఉక్కపోత. చొక్కా తడిసి వీపుకు అంటుకుంటుంది, చెమట కళ్లల్లోకి కారుతుంది, ఎవరూ చెప్పకుండానే కుండ దగ్గరికి పోతాం. ఎడారి గాలిలో తేమ ఉండదు. చెమట పట్టిన మరుక్షణం ఆవిరైపోతుంది. చేయి తడిమి చూసుకుంటే పొడిగా ఉంటుంది, కాస్త హాయిగా కూడా ఉంటుంది. ఎండలో నడుస్తున్న మనిషి ఒంట్లోంచి ఈలోగా గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా నీరు పోతూనే ఉంటుంది. దాహం వేసేసరికే ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది. అరవై దాటినవారికి ఆ దాహం కూడా సరిగ్గా తెలియదు.

కాబట్టి ముందు తేదీ చూసుకోవాలి. జాషువా ట్రీ ప్రాంతంలో వేసవి మధ్యాహ్నాలు 38 డిగ్రీల సెంటిగ్రేడ్ దాటడం మామూలు. అక్టోబరు, నవంబరు, మళ్లీ మార్చి, ఏప్రిల్ నెలలు బాగుంటాయి. శ్రావణమాసంలో ఎంత దివ్యమైన ముహూర్తం దొరికినా వదులుకోండి, కార్తీకమో ఫాల్గుణమో చూడండి. అదే రాష్ట్రంలో డెత్ వ్యాలీ అని ఇంకో ఎడారి ఉంది, ఫోటోలు బాగా వస్తాయని అక్కడికీ పోతారు. 1913 జూలై 10న అక్కడ 56.7 డిగ్రీలు నమోదయింది, ప్రపంచ రికార్డు అదే. 2024 జూలైలో ఆ దారిన మోటారుసైకిళ్ల మీద వచ్చిన ఆరుగురిలో ఒకరు ఎండకు ప్రాణం విడిచారు. ఆ రోజు 53 డిగ్రీలు. అంత వేడిగాలిలో అత్యవసర హెలికాప్టరు కూడా క్షేమంగా ఎగరలేదు, అందువల్ల అది రాలేకపోయింది. అమెరికాలో అన్నీ ఉంటాయిలే అనుకొనేవారు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

వేళ విషయంలో ఫోటోగ్రాఫరూ నేనూ ఒకే మాట మీద ఉంటాం. పొద్దు పొడిచిన గంటలోపు గాని, పొద్దు వాలే ముందర గాని. నన్నడిగితే ఉదయమే మేలు. సాయంత్రానికి బండలు రోజంతా కాగి ఉంటాయి, పైగా తిరుగుదారి చీకట్లో పడుతుంది. చీకటి పడ్డాక ఎడారి ఇట్టే చల్లబడుతుంది. పగటికీ రాత్రికీ 15, 20 డిగ్రీల తేడా ఉండడం అక్కడ వింత కాదు. స్వెట్టరు లేకుండా పోకండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పెళ్లికూతురు నీళ్లు తాగదు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. మన పద్ధతిలో ముహూర్తం దాకా ఉపవాసం ఒకటి. నీళ్లు తాగితే బాత్రూముకు పోవాలి, ఆ చీరా నగలతో ఎట్లా పోను అన్న భయం రెండోది. రెండోదే పెద్దది, అది ఎవరితోనూ పైకి చెప్పదు. పీటల మీద తూలిపడిన పెళ్లికూతుళ్లను చూడమని నాకు కబురొచ్చిన సందర్భాలు నాలుగైదు ఉన్నాయి. దిష్టి అన్నారు, గాలి అన్నారు. పొద్దున్నించి ఏం తాగావమ్మా అని అడిగితే ఒక్కరు కూడా గ్లాసు నీళ్ల లెక్క చెప్పలేదు. మండపంలో అయితే ఫ్యాను కింద పడుకోబెట్టి, ఉప్పూ పంచదార కలిపిన నీళ్లు పట్టిస్తే అరగంటలో లేచి కూచుంటుంది. ఎడారిలో ఫ్యాను లేదు, నీడ కూడా వెతుక్కోవాలి.

అంచేత పెళ్లిచోటు ఎంచుకొనేటప్పుడు బండ ఎంత అందంగా ఉందో చూసి ఊరుకోకండి, మరుగుదొడ్డి ఎన్ని నిమిషాల నడకలో ఉందో కూడా చూడండి. పార్కులో కొన్నిచోట్ల ఉంటాయి. బట్టలు మార్చుకోవడానికి చిన్న గుడారాలు దొరుకుతాయి, అదొకటి కొనుక్కోండి. భయం పోతే నీళ్లు తాగుతుంది. ఉపవాసం మాటకొస్తే, మంచినీళ్లతో భంగం కాదని మీ పురోహితుడి చేతనే చెప్పించండి, డాక్టరు చెబితే వినరు.

నీళ్ల లెక్క ఇది. మనిషికి రోజుకు ఒక గ్యాలను, అంటే దగ్గర దగ్గర నాలుగు లీటర్లు, తక్కువ కాకుండా ఉంచుకోమని పార్కువారే చెబుతారు. పార్కు అంచుల్లో తప్ప లోపల కుళాయి లేదు. నలుగురు వెళితే 16 లీటర్లు, పైన కారులో మరో అయిదు లీటర్లు. ఒక్కసారిగా కడుపు నిండా పట్టించవద్దు. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు. గంటకు లీటరున్నర మించి తాగడమూ మంచిది కాదు. వట్టి నీళ్లే అదేపనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. మధ్యమధ్య ఓఆర్ఎస్ తాగండి. పొట్లాలు ఇక్కడినుంచే పెట్టెలో వేసుకుపోవచ్చు. అవి లేకపోతే లీటరు మంచినీటిలో ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలగొట్టి కొలిచి కలపండి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ అయినా సరే. మూత్రం లేత గడ్డిరంగులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్టు. చిక్కటి పసుపైతే చాలడం లేదన్నమాట.

రెండో ప్రశ్న, మీరు వెళ్లవచ్చా అని. వెళ్లవచ్చు, కొన్ని పనులు చేసి. బయల్దేరే ముందు ఇద్దరూ క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూపించుకోండి. రక్తపోటుకు వాడే బిళ్లల్లో కొన్ని ఒంట్లోని నీటిని, ఉప్పును మూత్రంలో తోసేస్తాయి, హైడ్రోక్లోరోథయాజైడ్ అలాంటిది. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటివి వేడిని తట్టుకొనే శక్తిని తగ్గిస్తాయి. చక్కెరకు ఇచ్చే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కూడా నీటిని లాగేస్తాయి. ప్రయాణంలో వాంతులు రాకుండా వేసుకొనే మత్తుబిళ్లలు చెమటను తగ్గిస్తాయి. ఇది చదివి మీ అంతట మీరు ఏదీ మానేయకండి. చీటీ పట్టుకుపోయి, ఆ రెండు రోజులూ మోతాదు మార్చాలా అని మీ డాక్టరునే అడగండి. మీకు గుండెజబ్బుగాని కిడ్నీజబ్బుగాని ఉండి నీళ్లు తగ్గించమని చెప్పి ఉంటే, పైన చెప్పిన లెక్క మీకు వర్తించదు, అది కూడా అడగండి.

మీవారు ఇన్సులిన్ తీసుకుంటూ ఉంటే దాన్ని కారులో వదలకూడదు. తలుపులు మూసి ఎండలో పెట్టిన కారులో గంట తిరిగేసరికి బయటికన్నా 20 డిగ్రీలు ఎక్కువ వేడి ఉంటుంది. ఇన్సులిన్ 30 డిగ్రీలు మించితే పాడవుతుంది, చూడటానికి మాత్రం మంచిదానిలాగే ఉండవచ్చు. చల్లటి సంచిలో, మంచుగడ్డకు నేరుగా తగలకుండా ఉంచి, చేతిలో పట్టుకోండి. గ్లిమెపిరైడ్ వంటి బిళ్లలు వేసుకొనేవారు ముహూర్తం పేరుతో టిఫిను ఆలస్యం చేయకూడదు. విమానం దిగిన మర్నాడే ఎడారికి ప్రయాణం కట్టకండి, వారం రోజులు ఆగండి. అక్కడి ఆసుపత్రి బిల్లు సంగతి తెలిసిందే కదా, ప్రయాణపు ఇన్సూరెన్సు తీసుకోండి.

వడదెబ్బ ఎట్లా గుర్తుపట్టాలి? తల తిరగడం, వికారం, పిక్కలు పట్టెయ్యడం, నీరసం, ఇవి మొదట వస్తాయి. ఇక్కడే నీడకు చేర్చి, పడుకోబెట్టి, నీళ్లిస్తే చాలావరకు తేరుకుంటారు. మాట తడబడుతున్నా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బే అనుకోండి. ఒంటివేడి 40 డిగ్రీలు, అంటే 104 ఫారెన్‌హీట్ దాటి ఉంటుంది. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదు అనుకోవద్దు, చెమట ఉండగానే కొట్టవచ్చు. చక్కెర పడిపోయినా మనిషి ఇట్లాగే మాట్లాడతాడు, కనుక మీవారి విషయంలో మీటరు పెట్టి చూడండి. ఆ చూడటం కోసం చల్లబరచడం మాత్రం ఆపవద్దు. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి. ఐసు ఉంటే మెడమీద, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. కారులో ఏసీ వేసి పడుకోబెట్టండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. పారసెటమాల్ ఈ వేడిని తగ్గించదు. 911కు ఫోను చేయాలి.

ఫోను పలికితేగా! ఆ పార్కులో చాలాచోట్ల సిగ్నలు ఉండదు. చాటుగా చేయకూడనిది ఉందన్నాను, అది ఇదే. పెళ్లి ఎవరికీ చెప్పకుండా చేసుకున్నా మీ ఇష్టం. ఎడారికి మాత్రం చెప్పకుండా పోకూడదు. ఏ బండ దగ్గర, ఏ కారు, దాని నంబరు, ఎన్ని గంటలకు తిరిగి వచ్చి ఫోను చేస్తారు, ఇవన్నీ కాగితం మీద రాసి ఊళ్లో ఒక స్నేహితుడికి ఇవ్వాలి. పది గంటలకు మా ఫోను రాకపోతే పన్నెండింటికి రేంజర్లకు చెప్పు అని అతనితో గట్టిగా అనాలి. కారు ఆగిపోతే దాని దగ్గరే ఉండాలి, సాయానికని ఎండలో నడిచిపోకూడదు. మనిషికన్నా కారు తొందరగా కంటబడుతుంది. ఎండిన వాగుల్లో పెళ్లిపందిరి వెయ్యకండి, ఎక్కడో కొండల్లో వాన పడితే ఇక్కడ వరద వస్తుంది. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం వద్దు. కరిచిన కాలిని కదిలించకుండా ఆసుపత్రికి చేర్చండి.

హోమం అక్కడ పెట్టుకోకండి. ఎక్కడపడితే అక్కడ నిప్పు చేయనివ్వరు. తలంబ్రాలు కూడా చాలా పార్కుల్లో చల్లనివ్వరు. ఆ రెండూ ముందురోజు ఇంట్లో జరిపించుకుంటే మీకూ తృప్తి.

ఇక చీర. తప్పకుండా ఇవ్వండి. దారిలో నూలు బట్టలు, టోపీ వేసుకొని పోయి, గుడారంలో పట్టుచీర కట్టుకొని, అరగంటలో మళ్లీ మార్చుకోమనండి. కుచ్చిళ్లు నేలకు ఆనకుండా చీలమండ పైకి కట్టమనండి, కాళ్లకు బూట్లు ఉండాలి. అక్కడ చోయా అని ఒక ముళ్లచెట్టు ఉంది. దాని కణుపు అంచుకు తగిలితే చాలు, ఊడివచ్చి చీరకూ చర్మానికీ అంటుకుంటుంది. చేత్తో లాగితే చేతికి పట్టుకుంటుంది. దువ్వెన పళ్లు కిందినుంచి దూర్చి విసురుగా ఎగరగొట్టాలి, మిగిలిన ముళ్లను పట్టకారుతో తీయాలి. వెడల్పాటి పళ్ల దువ్వెన ఒకటి చీర మడతల్లో పెట్టి పంపండి.